తూకం చూసే రోజు

మా ఊళ్ళో ఎవరింటికీ ఎవరూ ఊరికే రారు. అందులోనూ మొగుడు పోయిన ఆడదాని ఇంటికి అసలే రారు. ఏదో ఒక పని పెట్టుకుని రావాలి. బంగాళదుంపల సంచీ దింపడానికో, తీసుకెళ్ళిన మంచు పార తిరిగి ఇవ్వడానికో, చర్చి హాల్లో పెరోగీలు, అంటే మా బంగాళదుంప కజ్జికాయలు, వత్తే రోజు గురువారం నుంచి బుధవారానికి మారిందని చెప్పడానికో వస్తారు. వచ్చి కూడా గుమ్మంలోనే నిలబడి, బూట్లు విప్పకుండా, "అబ్బే, కూర్చోను, వెళ్ళిపోవాలి" అంటారు. వచ్చిన పని అయ్యాక అప్పుడు బూట్లు విప్పుతారు. ఆ తరవాత కాఫీ, గసగసాల రొట్టె, చీకటి పడేదాకా కబుర్లు. మా అమ్మా ఇంతే, మా అత్తగారూ ఇంతే. ఉక్రెయిన్ వదిలి ఓడ ఎక్కినప్పుడు మా పెద్దవాళ్ళు ఏం తెచ్చుకున్నారో ఏం వదిలేశారో గానీ, ఈ బిడియాన్ని మాత్రం భద్రంగా మూటగట్టి కెనడాలో ఈ సస్కాచువాన్ మైదానానికి తెచ్చారు.

నా మరిది ఒరెస్ట్‌కి ఉన్న పని, నా ఫండ్ల తూకం చూడటం.

ఆ సంగతి చెప్పాలంటే మా ఆయన వాసిల్ దగ్గర మొదలుపెట్టాలి. ఆయన రైలు పట్టాల మరమ్మతు పని చేసేవారు. జీతంలో మిగిలిందల్లా పెట్టి షేర్లు కొనేవారు. ఏ షేర్లంటారా? మా బజారు వీధిలో ఉన్న బ్యాంకువి, తాను పనిచేసే రైలు కంపెనీవి, మా పొలం కిందనుంచి పోయే నూనె గొట్టం కంపెనీవి. కళ్ళతో చూడందే ఆయనకి నమ్మకం కుదరదు. "ఓల్హా, బ్యాంకు వాళ్ళు మన దగ్గర తింటున్నారు కదా, మనమే బ్యాంకులో ముక్క కొనుక్కుంటే సరి" అని నవ్వేవారు. ఒక ఫిబ్రవరి సాయంత్రం టీవీలో మంచుగడ్డ మీద రాళ్ళు జార్చే కర్లింగ్ పోటీ చూస్తూ చూస్తూ కుర్చీలోనే పోయారు. నేను వంటింట్లోంచి "ఎవరు గెలుస్తున్నారు?" అని అడుగుతూనే ఉన్నాను. పలక్కపోతే అలిగారేమో అనుకున్నాను.

నేను చదివింది ఆరో తరగతి. కాగితాలన్నీ ఆయనే చూసేవారు. అంత్యక్రియలయ్యాక ఒరెస్ట్ వచ్చి ఆ కాగితాలన్నీ వంటింటి బల్ల మీద పరిచాడు. అతను ఊరి ధాన్యం గిడ్డంగిలో ముప్ఫై ఏళ్ళకు పైగా తూకం దగ్గర పనిచేసిన మనిషి. లారీ లోపలికి రావడం చూసి బరువు చెప్పేవాడని పేరు. ఆ కాగితాలు చూసి తల పట్టుకున్నాడు.

"వదినా, అన్నయ్య మంచివాడే. కానీ కిటికీలోంచి కనబడేదే ప్రపంచం అనుకున్నాడు. ప్రపంచంలో ఉన్న కంపెనీలన్నీ కలిపి నూరు మూటలనుకో, మన కెనడావి మూడు మూటలు. ఆయన మొత్తం ఆ మూడింట్లోనే పోశాడు."

"మరి మిగతా తొంభై ఏడూ ఎక్కడున్నాయి?"

"సగానికి పైన కిందింటివాళ్ళ దగ్గరున్నాయి." మా వాళ్ళు అమెరికాని అలాగే అంటారు. "వాళ్ళు మనకిచ్చే లాభంలోంచి కొంచెం ముందే పన్ను కింద తీసేసుకుని మరీ ఇస్తారనుకో. అయినా వదిలిపెట్టకూడదు."

అలా అమ్మినవి అమ్మి, ఈటీఎఫ్‌లు అనే ఫండ్లు నాలుగు కొనిపెట్టాడు. ఫండ్ అంటే ఒక్క కంపెనీ కాదు, వందల కంపెనీల్లోంచి చిటికెడు చిటికెడు తీసి కట్టిన పొట్లం. షేరు కొన్నట్టే బజారులో కొనొచ్చు, అమ్మొచ్చు. మొదటిది కెనడా కంపెనీల పొట్లం. రెండోది అమెరికాది. మూడోది జపాను, జర్మనీ, బ్రెజిల్, ఇండియా లాంటి మిగతా దేశాలన్నిటిదీ. నాలుగోది బాండ్లు, అంటే ప్రభుత్వానికో పెద్ద కంపెనీలకో మనం అప్పిచ్చి వడ్డీ తీసుకోవడం. ఆ ఫండ్ల అసలు పేర్లు నాకు నోరు తిరగవు. అందుకని నేనే పేర్లు పెట్టుకున్నాను. మొదటిది ఇల్లు, రెండోది పొరుగిల్లు, మూడోది దూరపు చుట్టాలు, నాలుగోది ముసలమ్మ. బాండ్లు మూల కుర్చీలో కూర్చున్న ముసలమ్మలాంటివి. ఎగరవు, గెంతవు, మిగతావాళ్ళు మెట్ల మీంచి దొర్లినప్పుడు మాత్రం కాస్త ఆసరా. ఈ పేర్లు విని ఒరెస్ట్ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. ఆ తరవాత అతనూ అవే పేర్లు అనడం మొదలెట్టాడు.

జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు. ఆ నెలలు పుట్టగానే మొదటి మంగళవారం నలభై మైళ్ళ అవతలినుంచి ట్రక్కు వేసుకుని వచ్చేవాడు. చలికాలమైతే ఇంజను గడ్డకట్టకుండా ట్రక్కు తీగని మా గోడకున్న ప్లగ్గులో పెట్టి, గుమ్మంలో నిలబడి, "తూకం చూసి పోదామని వచ్చాను, కూర్చోను" అనేవాడు. నేను బోర్ష్, అదే మా బీట్‌రూట్ పులుసు, పొయ్యి మీద ఉంచి, "సరే, కూర్చోకు" అనేదాన్ని.

తూకమంటే ఏమీ లేదు. ఒక ఫండ్ ఎక్కువ పెరిగి తన వాటా దాటితే దాంట్లో కొంత అమ్మి, వెనకబడినదాంట్లో వేయడం. పెరిగినదాన్ని నరకడం నాకు మొదట్లో ప్రాణం ఒప్పేది కాదు.

"బాగా కాసే చెట్టుని ఎందుకయ్యా కొట్టేస్తావు?"

"కొట్టడం లేదు వదినా, కత్తిరిస్తున్నాను. లేకపోతే పొరుగింటివాళ్ళు మొత్తం మన పెరడంతా ఆక్రమించేస్తారు."

"దూరపు చుట్టాలు మూడేళ్ళనుంచి ఏమీ తేవడంలేదు. వాళ్ళకి మళ్ళీ పెట్టడం దేనికి?"

"ఎప్పుడు తెస్తారో తెలీదు కాబట్టి."

"ఇవాళ ధర ఎక్కువుందేమో, రేపటిదాకా ఆగు."

ఆ మాటంటే మాత్రం అతనికి కోపం వచ్చేది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేవాడు. "ధర చూసి ఆగకూడదని ఎన్నిసార్లు చెప్పాలి నీకు? గిడ్డంగి దగ్గర రేపు ధర పెరుగుతుందని ఆగి ఆగి గోధుమలు బూజు పట్టించుకున్నవాళ్ళని ఎంతమందిని చూశాను! డబ్బు చేతిలో పడిన రోజే కొనెయ్యాలి. రేపు అన్నమాట లేదు."

ఈ పనంతా అరగంట. మిగతా రోజంతా మాది. బోర్ష్ రెండు గిన్నెలు తినేవాడు, పైన పుల్ల మీగడ కుప్పగా వేసుకుని. అతని భార్య నాద్యా చనిపోయిన ఏడు నాకు బాగా గుర్తు, ఆ ఏడు పొదల్లో సస్కటూన్ పళ్ళు విరగకాసినా ఎవరం కోయలేదు. నాద్యా పాడే పాటలు, వాసిల్ చేసిన పిచ్చి పనులు, పడిపోయిన గిడ్డంగులు, మూసేసిన బడులు, అన్నీ చెప్పుకునేవాళ్ళం. పేకముక్కలతో క్రిబ్ ఆడేవాళ్ళం. అతను దొంగాట ఆడతాడు. నాకు తెలుసని అతనికి తెలుసు.

ట్రక్కు వెళ్ళిపోయాక నేను అతను తిన్న గిన్నె కడిగేదాన్ని కాదు. మర్నాటిదాకా సింకులో ఉంచేదాన్ని. ఇంట్లో ఇద్దరు తిన్నట్టు అది ఒక్కటే కదా చెప్పేది. మిగతా రోజుల్లో ఒక గిన్నె, ఒక చెంచా, గోడ గడియారం, ఫ్రిజ్ గురక. కిటికీలోంచి చూస్తే మంచు, ఆ మంచు చివర ఆకాశం. వారానికోసారి చర్చి హాలు. పెరోగీలు వత్తేవాళ్ళం ఒకప్పుడు బల్ల చుట్టూ కిక్కిరిసి ఉండేవాళ్ళం. ఇప్పుడు బల్లకి ఒక వైపే నిండుతోంది.

కిందటి అక్టోబరులో ఒరెస్ట్ ఇంటికి తిరిగి పోతూ జింకని గుద్దాడు. సాయంత్రం పూట జింకలు అడ్డం రావడం మాకు కొత్త కాదు. కానీ ఆ పూట ఇంకా ఎండ ఉంది. రోడ్డు గీత గీసినట్టు తిన్నగా ఉంది. జింక రోడ్డు మధ్యలో నిలబడే ఉందట. అతనికి కనబడలేదు.

ఈ మాట నా మనవరాలు లారిస్సా చెవిన పడింది. నా కూతురి కూతురు. సస్కటూన్ పట్నంలో పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. మంచి పిల్ల, కానీ కూర్చున్నా నిలబడి ఉన్నట్టే ఉంటుంది. జనవరి తూకం రోజుకి తానే వస్తానని ఫోన్ చేసింది. వచ్చింది. ఒరెస్ట్ ట్రక్కు ఆగేసరికి గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"తాతా, ఆ కళ్ళతో నలభై మైళ్ళు ఎలా వచ్చావు?"

"కళ్ళతో రాలేదే, ట్రక్కుతో వచ్చాను."

"జోకులొద్దు. జింక కనబడలేదు, రేపు మనిషి కనబడడు."

"మన రోడ్డు మీద మనిషెక్కడున్నాడే గుద్దడానికి?" అని నాకేసి చూశాడు. నవ్వుతానేమోనని. నేను నవ్వాను గానీ, అతని చూపు నా మొహం మీద కాక కాస్త పక్కన, గోడ మీద క్యాలెండరు దగ్గర ఆగింది.

బోర్ష్ వడ్డించాను. లారిస్సా తన ఫోన్‌లో ఏదో తీసి బల్ల మధ్యలో పెట్టింది.

"అమ్మమ్మా, ఇదంతా ఎందుకు? నాలుగు ఫండ్లు, మూణ్ణెల్లకోసారి కొనడాలు, అమ్మడాలు. ఇప్పుడు ఒక్క ఫండ్ ఉంది. దాని లోపల నీ నాలుగూ ఉంటాయి. ఇల్లు, పొరుగిల్లు, ఇంకేంటీ, నీ ముసలమ్మతో సహా. తూకం అదే చూసుకుంటుంది. ఒక్కసారి కొని మర్చిపో. తాత ఈ మంచులో పడి రానక్కర్లేదు."

తాత రానక్కర్లేదు. ఆ పిల్ల ఎంత సులువుగా అనేసిందో. నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఏడాదికి నాలుగు రోజులు. నాకున్నవి ఆ నాలుగే. వాటినిలా బల్ల మీద బొట్టు పడితే గుడ్డపెట్టి తుడిచేసినట్టు తుడిచేస్తోంది.

"దానికి ఖర్చు ఎక్కువేమో," అన్నాను, నాకు దొరికిన మొదటి మాట పట్టుకుని.

ఒరెస్ట్ గిన్నెలోంచి తలెత్తకుండానే, "పెద్ద తేడా లేదు," అన్నాడు. "వెయ్యి డాలర్లకి ఏడాదికి రెండు డాలర్ల చిల్లర. నీ నాలుగింటికీ కలిపి ఒక డాలరు పైచిలుకు. కెనడా కొంచెం ఎక్కువే పెడతారు దాంట్లో, కంపెనీల వాటాలో మూడోవంతు దాకా. అమెరికా దాని కంటే ఎక్కువ. మంచి ఫండే. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా దాని తూకం తప్పలేదు."

లారిస్సా ఫోన్ కింద పెట్టింది. "నీకెలా తెలుసు తాతా?"

"ఆఁ?"

"ఆరేళ్ళలో తప్పలేదని నీకెలా తెలుసు?"

అతను చెంచా తిప్పాడు. మీగడ ఎర్రటి పులుసులో గులాబీ రంగు తిరిగింది. "నా డబ్బు దాంట్లోనే ఉంది," అన్నాడు చివరికి.

"నీది దాంట్లో ఉందా? ఆరేళ్ళనుంచా? మరి అమ్మమ్మకి ఈ నాలుగెందుకు?"

ఫ్రిజ్ గురక ఆగింది. అది ఆగితే ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నాకు తెలుసు, వాళ్ళిద్దరికీ తెలీదు. ఒరెస్ట్ చెవులు ఎర్రబడ్డాయి. ఎనభై దాటిన మనిషి, చెవులు చిన్నపిల్లాడిలా ఎర్రబడ్డాయి. నా వైపు చూడలేదు. పుల్ల మీగడ డబ్బా అందుకుని ఇంకో చెంచాడు తీసి గిన్నెలో వేసుకోబోయాడు. అది గిన్నెలో పడలేదు. గిన్నె పక్కన ప్లాస్టిక్ గుడ్డ మీద పడింది. అతనికి తెలియలేదు. గిన్నెలో కలుపుకుంటున్నాడు.

అది చూశాను. లారిస్సా కూడా చూసింది.

"నేనే వద్దన్నాను," అన్నాను గబగబా. "ఒక్క ఫండైతే నాకు తోచదు. నాలుగుంటే ఒకళ్ళు పడ్డా ఒకళ్ళు లేచారని చూసుకోవచ్చని నేనే పట్టుబట్టాను. తాతనేమీ అనకు."

ఒరెస్ట్ తలెత్తాడు. ఈసారి అతని చూపు నా మొహం దొరకబుచ్చుకుంది.

నేను గుడ్డ తీసుకుని బల్ల మీది మీగడ తుడిచాను. తుడుస్తూ తుడుస్తూ అనుకున్నాను. ఏప్రిల్‌లో రోడ్డంతా మంచు కరిగి బురద. జూలైలో ధూళి. అక్టోబరులో మళ్ళీ జింకలు. ఆ ఒక్క ఫండ్ నేను వద్దంటే ఇతను వస్తూనే ఉంటాడు. పని ఉన్నంతకాలం వస్తాడు. ఒక మంగళవారం బోర్ష్ పొయ్యి మీద మరుగుతూ ఉంటుంది, ట్రక్కు రాదు. అప్పుడు నేను కిటికీ దగ్గర నిలబడి ఎవరు గెలుస్తున్నారని అడుగుతూనే ఉంటాను.

"ఆ ఒక్కటే కొనేద్దాం," అన్నాను.

"అమ్మయ్య," అంది లారిస్సా.

ఒరెస్ట్ గిన్నె పక్కకి జరిపాడు. "దాంట్లో రకాలున్నాయి," అన్నాడు. "బాండ్లు ఎన్ని పాళ్ళు ఉండాలో ఎంచుకోవాలి. నూటికి ఇరవై పాళ్ళవి, నలభై పాళ్ళవి, అరవై పాళ్ళవి ఉన్నాయి. నీకు ముసలమ్మ ఎంత కావాలి వదినా?"

"ఇంట్లో ఒక ముసలమ్మ ఉందిగా. నలభై చాలు."

నవ్వాడు. మా ఇంట్లో అతను నవ్విన ఆఖరి నవ్వు అదే.

టొరంటోలో షేర్ల బజారు మూసేసేలోగా అయిపోవాలని లారిస్సా తొందరపెట్టింది. ఒరెస్ట్ లాప్‌టాప్ తెరిచి నాలుగూ అమ్మింది. పన్ను లేని ఖాతాలో ఉన్నవి కాబట్టి లాభం మీద పన్ను బాధ లేదు. కొనాల్సినప్పుడు మాత్రం నా వేలే మీట మీద పెట్టించింది. "నువ్వే నొక్కు అమ్మమ్మా, నీ డబ్బు." నొక్కాను. అంతే. ఒకే ఒక్క వరుస మిగిలింది. ఒరెస్ట్ తన లాప్‌టాప్ మూసి, తీగ చుట్టి, సంచీలో పెట్టుకున్నాడు. ఆ రోజు క్రిబ్ ఆడలేదు. గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ, "సరే వదినా. ఇంక తూకం చూడనక్కర్లేదు," అన్నాడు.

"అవును," అన్నాను.

అతను ముందు మెల్లగా ట్రక్కు నడుపుకుంటూ, లారిస్సా వెనకే తన కారులో కాపలాగా. రెండు జతల ఎర్రదీపాలు మైదానంలో చాలాసేపు కనబడ్డాయి. మా దగ్గర అడ్డమేమీ ఉండదు కదా, పోయేవాళ్ళు చాలా దూరం దాకా కనబడుతూనే ఉంటారు.

తరవాత అతను ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. ఏమని చేయను? నెల తిరిగాక చర్చి హాల్లో తెలిసింది, కళ్ళ డాక్టరు బండి నడపొద్దన్నాడని, ఒరెస్ట్ లైసెన్సు తిరిగి ఇచ్చేశాడని, ట్రక్కు పక్క పొలంవాళ్ళకి అమ్మేశాడని. పెరోగీ అంచులు నొక్కుతూ విన్నాను. "మీ మరిదే కదా, నీకు తెలీదా?" అంది పక్కనున్నావిడ. తెలుసన్నాను. ఆ పూట నేను వత్తినవన్నీ ఉడకపెడితే విచ్చుకున్నాయట.

ఏప్రిల్ వచ్చింది. మొదటి మంగళవారం పొద్దున లేచి, ఏమీ ఆలోచించకుండానే పెద్ద కుండ పొయ్యి మీద పెట్టాను. బీట్‌రూట్లు తరిగాక, ఫ్రీజర్లోంచి సోయకూర తీశాక, అప్పుడు గుర్తొచ్చింది. అప్పటికి ఒక్కదానికి సరిపడా చేసే వేళ దాటిపోయింది. అలాగే మరగనిచ్చాను.

మధ్యాహ్నం లారిస్సా ఫోన్.

"అమ్మమ్మా, నీ ఫండ్ మూణ్ణెల్ల లాభాల పంపకం ఇచ్చింది. డబ్బు ఖాతాలో పడింది. అలా ఊరికే పడి ఉంటే దండగ. ఇక్కడొక గడి ఉంది, దాంట్లో టిక్ పెడితే ఇక ప్రతిసారీ ఆ డబ్బుతో అదే ఫండ్ యూనిట్లు కొనేసుకుంటుంది. పెట్టేయనా?"

"వద్దు."

"వద్దా? ఎందుకు?"

"టిక్ పెట్టకు. ఆ డబ్బు సంగతి నేను చూసుకుంటాను."

"నువ్వా? ఎలా?"

"చూసుకుంటానన్నాను కదే తల్లీ. నీ పళ్ళ డాక్టరు పిలుస్తున్నాడేమో, పో."

ఫోన్ పెట్టేసి, మళ్ళీ ఎత్తాను. గోడకున్న పాత ఫోన్ అది, చుట్టలు చుట్టుకున్న తీగతో. నంబరు నాకు కంఠతా వచ్చు. నొక్కేముందు తల దువ్వుకున్నాను. ఎందుకు దువ్వుకున్నానో అడక్కండి.

చాలాసేపు మోగింది. ఫోన్ వెతుక్కుంటున్నాడని అర్థమైంది.

"ఎవరూ?"

"ఓల్హాని. ఎక్కువసేపు మాట్లాడను. ఒక పనుండి చేశాను."

"ఏం పని?" ఆ గొంతులో నిద్రమత్తు వదిలింది.

"ఫండ్ ఏదో డబ్బిచ్చిందట. ఖాతాలో పడి ఉంది. దాన్నేం చేయాలో నాకు తెలీడం లేదు."

అతనింట్లో గడియారం నాకు వినబడుతోంది. నాద్యా పెళ్ళికి మేమిచ్చిందే అది. టిక్ పెట్టే గడి సంగతి అతనికి తెలుసు, తన ఫండ్‌కి ఎప్పుడో పెట్టి ఉంటాడు. నాకు తెలుసని కూడా అతనికి తెలిసే ఉంటుంది. చెప్పేస్తాడు, ఇప్పుడు చెప్పేస్తాడు అని తీగ వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాను.

"ఒక యూనిట్ ధర ఎంతుందివాళ?" అన్నాడు.

లారిస్సా ఇచ్చి చూడటం నేర్పిన పాత లాప్‌టాప్‌లో చూసి అంకె చదివాను.

"ఊఁ. నిన్నెంతుంది?"

అదీ చదివాను. నిన్నటికీ ఇవాళ్టికీ సెంట్లలో తేడా.

"ఊఁ," అన్నాడు మళ్ళీ, లారీ తూకం మీదికి ఎక్కినప్పుడు అన్నట్టే. "ఇవాళ వద్దులే వదినా. ధర కొంచెం ఎక్కువుంది. రేపు ఇదే వేళకి చెయ్యి, చూద్దాం."

నాకు నవ్వొచ్చింది, ఇంకేదో కూడా వచ్చింది. "డబ్బు పడిన రోజే కొనాలనేవాడివిగా?"

"అదప్పుడు," అన్నాడు. "ఏం వండావు?"

"బోర్ష్."

"సోయకూర వేశావా?"

"వేశాను."

పని అయిపోయింది కదా. అయినా అతను పెట్టేయలేదు, నేనూ పెట్టేయలేదు. రెండు గడియారాలూ ఒకదాని వెనక ఒకటి కొట్టుకుంటున్నాయి.

"సరే మరి, రేపు," అన్నాడు.

"రేపు," అన్నాను.

అల్మారాలోంచి గిన్నె తీశాను. చేతికి రెండొచ్చాయి. ఒకటి పైన పెట్టేయబోయి, దాన్నీ బల్ల మీదే ఉంచాను. రేపు ధర ఎంతుంటుందో ఎవరికి తెలుసు. తగ్గకపోతే బాగుండును.